క్లాసులో ఎవరికి ఏం వచ్చో పిల్లల్నే అడగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కొన్నేళ్లుగా మా పిల్లల చేత ఏటా చీటీలు రాయిస్తున్నాను. తోటివాళ్లలో ఎవరు ఏది బాగా చేస్తారో, తమకు తాముగా ఏం బాగా వచ్చో వాళ్లే రాస్తారు. ఈ సంగతి తెలిసిన టీచర్లు, తల్లిదండ్రులు అడిగే సందేహాలు ఎప్పుడూ ఇంచుమించు ఇవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

పిల్లలకేం తెలుసండీ? ఎవరికి ప్రతిభ ఉందో టీచరుకి తెలియదా?

టీచరుకి తెలిసేది టీచరు ఎదుట జరిగేదే. నా పీరియడ్ 45 నిమిషాలు. ఆ కాసేపట్లో నాకు కనిపించేది చెయ్యెత్తేవాళ్లు, నోటుబుక్కు, పరీక్ష పేపరు. మిగతా రోజంతా పిల్లలు ఒకళ్లనొకళ్లు చూస్తూనే ఉంటారు. భోజనం వరసలో, గ్రౌండులో, బస్సులో, సార్ రాని పీరియడ్‌లో ఎవరు ఏం చేస్తారో వాళ్లకు తెలుసు. హోంవర్కు ఎవరు సొంతంగా చేస్తారో, ఎవరు చూసి రాస్తారో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను వాళ్ల తీర్పు అడగడం లేదు, వాళ్లు కళ్లారా చూసింది అడుగుతున్నాను.

ఇది ఎవరో కొత్తగా కనిపెట్టిన పద్ధతా?

కాదు. 1930ల్లోనే అమెరికాలో జేకబ్ మొరెనో అనే మానసిక వైద్యుడు ఒక బాలికల వసతి పాఠశాలలో ఎవరితో కలిసి ఉండాలనుందో పిల్లల్నే అడిగి, ఆ బంధాలను గీతలుగా గీసి చూపించాడు. ఆయన అడిగింది స్నేహం గురించి. ప్రతిభ గురించి అడగడం తరవాత వచ్చింది. 1978లో జోసెఫ్ రెంజుల్లి అనే అమెరికన్ విద్యా మనస్తత్వవేత్త ప్రతిభను మూడు వలయాలుగా చెప్పాడు: సగటుకు మించిన సామర్థ్యం, కొత్తగా ఆలోచించడం, పట్టుకున్న పని వదలకపోవడం. ఈ మూడింటిలో చివరి రెండూ మార్కుల జాబితాలో దొరకవు. అందుకే పిల్లల్ని, వాళ్ల తోటివాళ్లను అడగాల్సి వచ్చింది. మన దగ్గర 2020 జాతీయ విద్యావిధానం కూడా ప్రోగ్రెస్ కార్డులో టీచరు అంచనాతో పాటు పిల్లవాడు తన గురించి తాను, తోటివాళ్లు అతని గురించి వేసే అంచనా ఉండాలని చెప్పింది.

ఎన్నో తరగతి నుంచి చేయించవచ్చు?

4వ తరగతి నుంచి అయితే పనికొచ్చే సమాధానాలు వస్తాయి. ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని "బొమ్మలు బాగా వేసేది ఎవరు?" అని అడిగితే పక్కన కూర్చున్న పిల్ల పేరో, పొద్దున చాక్లెట్ ఇచ్చిన పిల్లాడి పేరో చెబుతారు. "నీకేం బాగా వచ్చు?" అంటే అన్నీ వచ్చంటారు. ఆ వయసుకి అది సహజం. ఏడెనిమిదేళ్లు వచ్చాక తోటివాళ్లతో పోల్చుకోవడం మొదలవుతుంది. చిన్న తరగతుల్లో చీటీలు వద్దు. వాళ్లు ఆడుకుంటుంటే పక్కన నిలబడి చూడండి.

దీనికి హెడ్‌మాస్టరు అనుమతి కావాలా?

చెప్పి చేయడం మంచిది. పిల్లలు ఇంటికెళ్లి ఒకలా చెబితే తల్లిదండ్రులకు ఇంకోలా అర్థమవుతుంది. ఎవరైనా బడికి వచ్చి అడిగితే హెడ్‌మాస్టరు దగ్గర సమాధానం ఉండాలి.

## ప్రశ్నలు రాసుకునేటప్పుడు

"మీ క్లాసులో ప్రతిభ గలవాళ్లు ఎవరు?" అని అడిగితే సరిపోదా?

సరిపోదు. ఆ మాట వినగానే పిల్లలకు గుర్తొచ్చేది ఫస్ట్ ర్యాంకే. 40 చీటీల్లో 35 మీద ఒకే పేరు వస్తుంది, ఆ పేరు మనకు ముందే తెలుసు. పని గురించి, సందర్భం గురించి అడగాలి. పిల్లవాడు కళ్లు మూసుకుంటే ఆ దృశ్యం కనిపించాలి. నేను అడిగే ప్రశ్నలు కొన్ని ఇవి:

సార్ రాని రోజు లెక్క అర్థం కాకపోతే ఎవరి దగ్గరికి వెళ్తావు?
సైకిల్ చైను ఊడినా, ఏదైనా పాడైనా ఎవర్ని పిలుస్తావు?
ఎవరు కథ చెబితే అందరూ గప్‌చుప్‌గా వింటారు?
ఆటకు కొత్త రూలు పెట్టేది ఎవరు?
ఇద్దరు కొట్టుకుంటే మధ్యలోకి వెళ్లి ఆపగలిగేది ఎవరు?
మనకెవరికీ తట్టని ప్రశ్న సార్‌ని అడిగేది ఎవరు?
పని కష్టమైనా మధ్యలో వదిలెయ్యకుండా పట్టుకుని కూర్చునేది ఎవరు?
కొత్తగా చేరిన పిల్లల్ని ముందుగా పలకరించేది ఎవరు?

ప్రతి ప్రశ్న కింద ఒక చిన్న గీత ఉంచుతాను: "ఎప్పుడు చూశావు?" ఈ గీతే ప్రాణం. పేరు ఎవరైనా రాస్తారు. కానీ "మొన్న వానకి రేకులు కారుతుంటే బెంచీలు ఎలా జరపాలో వాడే చెప్పాడు సార్" అని రాయాలంటే చూసి ఉండాలి.

ఎన్ని ప్రశ్నలు, ఎన్ని పేర్లు?

8 ప్రశ్నలు మించితే విసుగొచ్చి చివర్లో ఏదో ఒక పేరు రాసేస్తారు. ఒక్కో ప్రశ్నకు మూడు పేర్ల దాకా రాయొచ్చు, ఒక్కటే రాసినా, ఖాళీగా వదిలినా పర్వాలేదని ముందే చెప్పండి. "మూడూ కచ్చితంగా నింపాలి" అంటే మూడో పేరు చూసి రాసింది కాదు, నింపడానికి రాసింది అవుతుంది.

"లెక్కలు రానిది ఎవరికి?" అని కూడా అడిగితే వెనకబడిన పిల్లలు తెలుస్తారు కదా?

వద్దండీ. రానివాళ్ల పేరు తోటివాళ్ల చేత రాయించకూడదు. ఎవరికి ఏది రావడం లేదో కనుక్కోవడం టీచరు పని, దానికి మన దగ్గర వేరే దారులున్నాయి. ఒక పిల్ల "రానివాళ్ల" చీటీలో తన పేరుందని తెలుసుకుంటే ఆ మాట ఏడాదంతా మోస్తుంది.

ఆటలు, చేతిపనులు కూడా ప్రతిభ కిందికి వస్తాయా?

ఎందుకు రావు? 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్లకు ముందు భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇచ్చారు. ఎక్కడానికి ఒక గుట్ట చూపిస్తేనే గదా ఎక్కగలరని తెలిసింది! మన ప్రశ్నలన్నీ తరగతి గది గురించే అయితే తరగతి గది బయట మెరిసే పిల్లలు ఒక్క చీటీలోనూ కనిపించరు.

## రాయించే రోజు

క్లాసులో ఎలా కూర్చోబెట్టాలి? ఎంత టైం పడుతుంది?

ఒక పీరియడ్ చాలు. మధ్యాహ్న భోజనం తరవాత పీరియడ్ వద్దు, నిద్రమత్తులో ఉంటారు. పరీక్షల వారం అసలే వద్దు, ఇది కూడా పరీక్షే అనుకుని టెన్షన్ పడతారు. వీలైతే చెట్టు కింద దూరదూరంగా కూర్చోబెట్టండి. ముందు ఐదు నిమిషాలు మూడు మాటలు చెప్పండి: దీనికి మార్కులు లేవు. రాసింది నేను తప్ప ఎవరూ చూడరు. పక్కవాళ్లను అడగొద్దు, మీరు చూసిందే రాయండి. ఆ చెప్పిన మాట తరవాత మనమే తప్పకూడదు.

చీటీ మీద రాసినవాళ్ల పేరు ఉండాలా?

ఉండాలనే అంటాను. ఎవరు ఎవరి పేరు రాశారో తెలిస్తేనే స్నేహం కొద్దీ రాసిందా, నిజంగా చూసి రాసిందా అన్నది అర్థమవుతుంది. పేరు రాయడానికి పిల్లలు భయపడితే రోల్ నంబరు రాయించండి.

రాయడం సరిగా రాని పిల్లల్ని ఏం చేయాలి?

పక్కకు పిలిచి నోటితో చెప్పించుకుని మీరే రాసుకోండి. తండా నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, ఇటుక బట్టీల పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒడియా మాట్లాడతారు. కాగితం మీద రెండు ముక్కలు రాయలేని పిల్ల నోటితో అడిగితే పది నిమిషాలు చెబుతుంది. ఒకసారి 6వ తరగతి అబ్బాయి చీటీ ఖాళీగా ఇచ్చాడు. పిలిచి అడిగితే, తోటివాళ్లలో ఎవరికి ఏ పక్షి కూత తెలుసో, ఎవరు తేలు కనిపిస్తే భయపడకుండా పక్కకు తోస్తారో వరసగా చెప్పాడు. అవతలివాళ్ల గురించి అంత గమనించడమే వాడి ప్రతిభ అని అప్పుడు నాకు తెలిసింది. వాడి పేరు మాత్రం ఒక్క చీటీలోనూ లేదు.

ఎగతాళికి ఒకళ్ల పేరు రాస్తే?

రాస్తారు. ముఖ్యంగా 8, 9 తరగతుల్లో ఆడపిల్ల పేరు పక్కన మగపిల్లాడి పేరు కావాలని రాసే గుంపు ఒకటి ఉంటుంది. "ఎప్పుడు చూశావు?" దగ్గర ఏమీ లేకపోతే ఆ పేరు లెక్కలోకి తీసుకోకండి. ఆ పిల్లాణ్ని అందరి ముందూ తిట్టకండి, తిడితే చీటీలో ఏముందో అందరికీ చెప్పినట్టే. తరవాత ఒంటరిగా పిలిచి మాట్లాడండి.

## లెక్కపెట్టేటప్పుడు

ఎన్ని చీటీల్లో పేరు వస్తే ప్రతిభ ఉన్నట్టు?

అలాంటి హద్దు పెట్టుకోకండి. ఒక పెద్ద కాగితం మీద పిల్లల పేర్లు నిలువుగా, ప్రశ్నలు అడ్డంగా గీసి ఒక్కో పేరుకి ఒక్కో గీత పెట్టుకుంటూ పోండి. అరగంటలో క్లాసంతా ఒక బొమ్మలా కళ్ల ముందుకొస్తుంది. కొందరికి ఒకే గడిలో గీతలన్నీ ఉంటాయి, కొందరికి ప్రతి గడిలో ఒకటో రెండో ఉంటాయి. ఇద్దరినీ చూడాలి. గీతలు ఎక్కువ ఉన్న పిల్ల ప్రతిభావంతురాలని ఈ కాగితం తేల్చదు. ఎవరి వైపు ఇంకోసారి చూడాలో చెబుతుంది, అంతే.

ఒక్క చీటీలోనే వచ్చిన పేరును పట్టించుకోవాలా?

నేను ముందు చూసేది వాటినే. మా 8వ తరగతిలో చివరి బెంచి అబ్బాయి ఒకడున్నాడు. ఎఫ్ఏ పరీక్షల్లో (ఏడాది మధ్యలో బడిలో పెట్టే చిన్న పరీక్షలు) పాస్ మార్కులు రావడమే గొప్ప. ఆ ఏడు వాడి పేరు ఒక్క చీటీలోనే వచ్చింది, "ఏదైనా పాడైతే ఎవర్ని పిలుస్తావు?" అన్న దగ్గర. పక్కన ఇలా ఉంది: "మా పొలంలో మోటరు స్టార్టరు పాడైతే నాన్న వీణ్నే పిలిచాడు." రాసింది వాడి స్నేహితుడు కాదు, వేరే వాడకట్టు పిల్ల. నేను ఆ అబ్బాయిని పిలిచి, సరిగా పనిచేయని పాత ప్రొజెక్టరు స్పీకరు చేతికిచ్చాను. తిప్పితిప్పి చూశాడు, మెకానిక్ దగ్గర మల్టీమీటరు అడిగి తెచ్చాడు, రెండు రోజుల్లో తెగిన తీగ ఎక్కడుందో పట్టుకున్నాడు. ఎవరు చెప్పారని అడిగితే "శబ్దం ఒక పక్కనుంచే వస్తోంది కదా సార్, అంటే రెండో పక్క తీగే కదా" అన్నాడు. రెండేళ్లుగా వాడికి నేను బీజగణితం చెబుతున్నాను, వాడి బుర్ర అలా పనిచేస్తుందని నాకు తెలియదు.

స్నేహితుల పేర్లే రాసుకున్నారని తెలుస్తూనే ఉంది. ఏం చేయాలి?

ముగ్గురు నలుగురు ఒకళ్ల పేర్లు ఒకళ్లు రాసుకుంటే ఆ గుంపు బయట నుంచి వచ్చిన పేర్లకు ఎక్కువ విలువ ఇవ్వండి. మగపిల్లలు మగపిల్లల పేర్లే, ఆడపిల్లలు ఆడపిల్లల పేర్లే రాయడం చాలా మామూలు, కాబట్టి ఆ రెండు లెక్కలూ విడిగా వేయండి. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. మన ఊళ్లలో పిల్లలు ఏ వాడ నుంచి వస్తారో ఆ వాడ పిల్లల పక్కనే కూర్చుంటారు. పేర్లు కూడా ఆ గీత దాటవు. ఒక పిల్ల పేరు తన వాడ చీటీల్లో తప్ప ఎక్కడా లేకపోతే ఆమెకు ప్రతిభ లేదని కాదు, మిగతావాళ్లు ఆమెతో కలిసి పని చేయలేదని అర్థం. గ్రూపులు మార్చి, నెల రోజులు కలిపి పని చేయించి, మళ్లీ అడగండి.

అన్ని ప్రశ్నలకూ ఫస్ట్ ర్యాంకరు పేరే వచ్చింది. నిజమేనా?

కొంత నిజం ఉండొచ్చు. కానీ ఎక్కువగా ఆ పేరు మనం రోజూ పది సార్లు పలకడం వల్ల వస్తుంది. "చూశావా, ఆ అమ్మాయిని చూసి నేర్చుకో" అని మనం అంటుంటే పిల్లలు మన మాటే మనకు తిరిగి రాసిస్తారు. ఒక నెల ఆ మాట మాని చూడండి.

## తమ గురించి తాము రాసుకునేటప్పుడు

పిల్లలు తమ గురించి తాము గొప్పలు రాసుకోరా?

గొప్పలు రాసుకునేవాళ్లు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. నన్ను బాధపెట్టేది రెండో రకం: "నాకేం రాదు సార్" అని రాసేవాళ్లు. వాళ్లే ఎక్కువ, అందులో ఆడపిల్లలు మరీ ఎక్కువ. తన గురించి తాను మంచి చెప్పుకోకూడదని వాళ్లకు ఇంట్లోనే నేర్పేశాం. కాబట్టి "నీ ప్రతిభ ఏమిటి?" అని అడగొద్దు. ఇలా అడగండి: ఇంట్లో నీకే అప్పగించే పని ఏది? తమ్ముడికో చెల్లికో నువ్వు ఏం నేర్పావు? ఏం చేస్తుంటే నీకు టైం తెలియదు? ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వే నేర్చుకున్నది ఏది?

"నాకేం రాదు" అని రాసిన పిల్లతో ఎలా మాట్లాడాలి?

ఒక 7వ తరగతి అమ్మాయి సరిగ్గా ఆ మూడు ముక్కలే రాసి కాగితం మడిచి ఇచ్చింది. సాయంత్రం బెల్లు కొట్టాక వరండాలో కూర్చుని ఇంట్లో ఏం పనులు చేస్తావని అడిగాను. గిన్నెలు, నీళ్లు, తమ్ముణ్ని చూసుకోవడం... ఆఖర్న, అదీ ఒక పనేనా అన్నట్టు, "పాల లెక్క రాస్తాను" అంది. మర్నాడు ఆ పుస్తకం తెమ్మన్నాను. పొడుగాటి చిన్న నోటుబుక్కు, అట్ట మీద పసుపు మరకలు. పాలకేంద్రంలో రోజుకు రెండు పూటలా ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, ఆ శాతానికి రేటు ఎంత, పదిహేను రోజులకు ఎంత రావాలి, అందులో దాణా కింద ఎంత పట్టుకున్నారు, అన్నీ గళ్లు గీసి రాసింది. ఒక చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఏమిటమ్మా అంటే, "ఆ పూట వెన్న శాతం తప్పు వేశారు సార్. ముందు రోజు, తరవాత రోజు చూస్తే అంత తగ్గదు. అమ్మ వెళ్లి అడిగితే సరిచేశారు" అంది. నా క్లాసులో దశాంశాలు రావనుకున్న పిల్ల! ఆ నెల దశాంశాల పాఠం ఆ పాల పుస్తకంతోనే చెప్పాను. తన పుస్తకం అని క్లాసుకు చెప్పొచ్చా అని ముందు ఆ అమ్మాయిని అడిగాను. వద్దంది. చెప్పలేదు.

పిల్ల తన గురించి రాసింది ఒకటి, తోటివాళ్లు రాసింది ఇంకొకటి. ఏది నమ్మాలి?

రెండూ నమ్మండి. తోటివాళ్లు బయటికి కనిపించేది రాస్తారు, పిల్ల లోపల ఉన్నది రాస్తుంది. ఇంట్లో ఒంటరిగా బొమ్మలు వేసుకునే పిల్లాడి గురించి క్లాసుకు తెలిసే దారే లేదు. తేడా ఉన్న చోట ఒక చిన్న పని ఇచ్చి చూడటమే మార్గం.

## ఆ తరవాత

ఫలితాలు క్లాసులో చదివి వినిపిస్తే పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది కదా?

నేనూ అలాగే అనుకున్నాను. మొదటి ఏడు చదివి వినిపించాను. ఎవరికి ఎన్ని వచ్చాయో బోర్డు మీద వేశాను, చప్పట్లు కొట్టించాను. పీరియడ్ అయ్యాక చూస్తే ఒక అమ్మాయి పేరు బోర్డు మీద ఎక్కడా లేదు. ఆ అమ్మాయి రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వచ్చింది, ఎప్పుడూ కూర్చునే రెండో బెంచి వదిలి గోడ పక్కన కూర్చుంది. తప్పు నాదే. ఆ ఏడు నేను అడిగిన ప్రశ్నలు నాలుగే, నాలుగూ చదువు గురించే. ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మానాన్నల ముందు ఆ అమ్మాయికి సారీ చెప్పాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్క అంకె కూడా బయటికి చెప్పలేదు. చెప్పాలనుకుంటే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి "నువ్వు బెంచీలు జరిపించిన సంగతి మీవాళ్లు గుర్తుపెట్టుకున్నారు" అని ఆ పని గురించి చెప్పండి. ఎంతమంది రాశారో వద్దు, ఎవరు రాశారో అసలే వద్దు.

ఈ చీటీలు స్కాలర్‌షిప్పులకు, సీట్లకు పనికొస్తాయా?

నేరుగా రావు. 6వ తరగతి నవోదయ సీటుకి ప్రవేశ పరీక్ష ఉంది. 8వ తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ (పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్పు) కూడా పరీక్షే, అందులో ఎంపికైతే 9 నుంచి 12 వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కానీ ఎవరిని ఆ పరీక్షలకు కూర్చోబెట్టాలి అన్నప్పుడు మనకు మార్కుల వరసే గుర్తొస్తుంది. చీటీల్లో "తట్టని ప్రశ్న అడిగేది" అన్న గడిలో ఉన్న పిల్లలకు కూడా ఫారం నింపించండి. బడిపిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మనక్ పథకంలో అయితే ఇంకా బాగా ఉపయోగపడుతుంది. అక్కడ అడిగేది మార్కులు కాదు, పిల్లవాడి సొంత ఆలోచన. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. పాడైనవి బాగుచేసే పిల్లలకు "ఊళ్లో ఏది చూసినప్పుడల్లా ఇది ఇలా ఉండకూడదు అనిపిస్తుంది?" అని ఒక్క ప్రశ్న వేసి వదలండి.

దీంతోనే క్లాసు లీడర్ని ఎన్నుకోవచ్చా?

వద్దు. ఓట్లు అనుకుంటే పిల్లలు ప్రచారం మొదలుపెడతారు, మరుసటి ఏడు ఒక్క చీటీ కూడా నిజం చెప్పదు.

ఏడాదికి ఎన్నిసార్లు?

రెండుసార్లు చాలు. పిల్లలకు ఒకళ్లనొకళ్లు తెలియడానికి టైం ఇచ్చి దసరా సెలవుల ముందు ఒకసారి, సంక్రాంతి తరవాత ఒకసారి.

## తల్లిదండ్రులు అడిగేవి

మా బాబు పేరు ఎవరూ రాయలేదట. బెంగగా ఉంది, ఏం చేయాలి?

ముందు ఆ మాట బాబుకి ఎలా తెలిసిందో టీచర్ని అడగండి, అది బయటికి రాకూడదు. ఇక మీ బాబు సంగతి. కొత్తగా చేరిన పిల్లలు, నెమ్మదస్తులు, తరచూ ఆరోగ్యం బాగాలేక సెలవు పెట్టేవాళ్లు, ఇంటి భాష వేరైన పిల్లలు తోటివాళ్ల కంట పడటానికి చాలా టైం పడుతుంది. ఇంట్లో వాడు ఎవరూ చెప్పకుండా చేసే పని ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని టీచరుకి ఒక కాగితం మీద రాసివ్వండి. "తెలివైనవాడు సార్" అని కాదు. "పాత రేడియో విప్పి బిగించాడు", "నానమ్మ మందులు ఏ పూటకు ఏవో వాడే చూసుకుంటాడు", అలా రాయండి.

మా పాప పేరు చాలామంది రాశారట. వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

పెట్టకండి. ఆ గ్రూపులో పేరు రాని పిల్లల అమ్మానాన్నలు కూడా ఉన్నారు. పైగా మర్నాటి నుంచి పాప ఆ పనిని ఇష్టంతో కాక పేరు కాపాడుకోవడానికి చేస్తుంది.

ఈ కాగితాలు ఎన్నాళ్లు దాస్తారు? తరవాత ఏం చేస్తారు?

తోటివాళ్ల గురించి రాసిన చీటీలు ఆ ఏడు అయిపోగానే చింపేస్తాను. గీతల కాగితం బీరువాలో తాళం వేసి ఉంటుంది, పై తరగతి టీచరుతో నోటిమాటగా చెబుతాను. పిల్లలు తమ గురించి తాము రాసుకున్న కాగితాలు మాత్రం ఒక్కొక్కరివి ఒక్కో కవరులో దాస్తాను. పదో తరగతి అయ్యాక టీసీ కోసం వచ్చినప్పుడు ఎవరి కవరు వాళ్ల చేతికి ఇచ్చేస్తాను. చాలామంది అక్కడే వరండాలో నిలబడి, 6వ తరగతిలో వంకర అక్షరాలతో ఏం రాశారో చదువుకుంటారు.